పాత తోటకి వాతావరణ ప్లాను వేశారు, సోమవారంలోగా ఒక పేజీ రాసివ్వాలి. ఏం రాయమంటారు?

గేటు పక్క బెంచీ:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా సరిహద్దులో, గజపతి–గంజాం జిల్లాల వైపు ఒక ఊరు. ఊరి పేరూ తోట పేరూ రాయను. ప్లాను తయారు చేయించిన ఆఫీసరు బాబు కూడా సాయంత్రం అదే తోటలో నడుస్తాడు, ఎదురైతే నవ్వుతాడు, నాకు మొహమాటం.

తోట జమీందారీ కాలంది. నాలుగెకరాలు. నడిమధ్యన బంద (చిన్న చెరువుని మా వైపు అలా అంటాం), దానికి మూడువైపులా రాతిమెట్లు. నిద్రగన్నేరు చెట్లు ఆరు, పొగడ చెట్లు ఒక వరస, నేరేడు రెండు, ఒక మర్రి. గేటు దగ్గర తురాయి ఉండేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు అది పడిపోయింది. మొద్దు మాత్రం ఉంది, వేరుశనక్కాయలమ్మే ఆవిడ దాని మీదే బుట్ట పెడుతుంది. 1936లో ఒడిశా వేరే ప్రావిన్సు అయిన రోజుల్లో మా తాతగారు ఈ తోటలోనే బెంచీ మీద కూర్చుని, ఇంక మన అర్జీలు ఏ భాషలో రాసుకోవాలిరా అన్నారట. ఆ అర్జీ ఇప్పుడు నా నెత్తిన పడింది. మా వాకింగు గుంపులో తెలుగూ ఒడియా రెండూ తప్పుల్లేకుండా రాసేది నేనొక్కదాన్నేనట.

సంగతేమిటంటే, తోటని వాతావరణ మార్పుకి తట్టుకునేలా చేస్తారట. ముప్పై ఎనిమిది పేజీల రిపోర్టు ఇచ్చారు, బొమ్మలు చాలా బాగున్నాయి. బంద చుట్టూ ఉన్న మట్టిదారిని రెండింతలు వెడల్పు చేసి పేవర్ బ్లాకులు వేస్తారు. సోలార్ దీపాలు, రంగుల ఫౌంటెన్, ఐదు వందల మొక్కలు. "ఎండిపోతున్న, ప్రమాదకరమైన" నిద్రగన్నేరు చెట్లు రెండు కొట్టేస్తారు. ప్రజాభిప్రాయం ఒక పేజీకి మించకూడదట. వాళ్ళకి ముప్పై ఎనిమిది, మాకు ఒకటి.

నేను ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను, చెట్ల సంగతి తెలీదు. కానీ రోజూ చూసేది కళ్ళకి ఆనుతుంది కదా. కొట్టేస్తామన్న రెండూ గేటు వైపు చెట్లే. నాలుగేళ్ళ కిందట అక్కడ మొదలు దాకా టైల్స్ పరిచారు, మొదలు చుట్టూ పారాణి పెట్టినట్టు ఎర్ర రంగు కూడా వేశారు. రెండో ఏడు నుంచి పై కొమ్మలు మోడువారడం మొదలైంది. బంద వెనకాల, పాముల భయంతో ఎవరూ పోని మూల ఇంకో నిద్రగన్నేరు ఉంది. అన్నీ ఒకేసారి నాటినవే అని మా నాన్న చెప్పేవారు. సాయంత్రం ఆకు ముడిచేదాకా దాని కింద ఎండ పొడ పడదు.

ఇది టైల్స్ వల్లా, వయసు వల్లా? ఆ రెండు చెట్లనీ బతికించుకోవచ్చా? కొత్తవి పెడితే పాత రకాలే పెట్టాలా? ఒక పేజీలో పట్టేలా చెప్పండి బాబూ.

వాల్తేరు పాసింజర్:

పిన్నిగారూ, వయసైతే వెనకాల చెట్టుకీ అయివుండాలి కదా! జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు), ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు లోపల ఉన్న కాంక్రీటు తీసెయ్యమంది. ఢిల్లీకి చెప్పిందే అయినా ఆ ముక్క మీ పేజీలో పైనే పెట్టండి. ఆఫీసుల్లో మన మాట కంటే కాగితం మాట చెల్లుతుంది.

రాయగడ నర్సరీ:

అమ్మా, నేను నర్సరీ పనిలో పాతికేళ్ళు చేసి దిగిపోయాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

చెట్టు వేరు పాతాళానికి పోతుందని మనకో నమ్మకం. నీళ్ళు తాగే సన్నవేళ్ళు ఎక్కువగా పైన అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మ నీడ పడినంత మేరా, దాన్ని దాటి కూడా అడ్డంగా పోతాయి. బాగున్న నేలలో సగమే మట్టి, మిగిలింది సందులు. ఆ సందుల్లో కొంత నీళ్ళు, కొంత గాలి. వేరుకి గాలి కూడా కావాలి. మనుషులు తొక్కి తొక్కి, పైన టైల్స్ కోసం దిమ్మిస కొట్టి ఆ సందులు మూసేస్తే చెట్టు ఒక్కరోజులో చావదు. పై కొమ్మలు ఒక్కోటే వదిలేసుకుంటుంది. మీరు చూసింది అదే. ఒక్క మీటరు తీస్తే మొదలు ఒరిపిడి తప్పుతుంది, అంతవరకు మంచిదే. కానీ చెట్టు తినేది అక్కడ కాదు, కొమ్మల చివర కింద. వీలైనంత దూరం తియ్యమనండి.

దీనికో కథ ఉంది. మాకు ట్రైనింగులో చెప్పారు, తర్వాత నేనూ చదివాను. లండన్ దగ్గర క్యూ అనే పాత తోట. అక్కడ 1798లో నాటిన టర్నర్ ఓక్ అని ఒక చెట్టు. 1980ల్లో అది నీరసించిపోతోంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున పెద్ద తుఫాను వచ్చింది. (అక్టోబరు మనకే కాదు, వాళ్ళకీ గండమే.) తోటలో 700 చెట్ల దాకా కూలాయి. ఈ ఓక్‌ని మాత్రం గాలి వేళ్ళతో సహా పైకి లేపి, మళ్ళీ అదే గోతిలో కూర్చోబెట్టింది. ఇది ఎలాగూ పోయేదే, దీన్ని చివర్లో తీద్దాంలే అని ఆసరా కర్రలు పెట్టి వదిలేశారు. మూడేళ్ళకి దాని వంతు వచ్చేసరికి అది దివ్యంగా చిగురించి ఉంది! నూరేళ్ళకి పైగా జనం కింద తిరిగి నేలని బండ చేసేశారు, తుఫాను ఒక్క రాత్రిలో దాన్ని గుల్ల చేసి పెట్టింది. అప్పటినుంచి వాళ్ళు మిగతా పాత చెట్ల కింద నేలలోకి గొట్టాలతో గాలి కొట్టడం మొదలుపెట్టారు.

మనకి ఆ మిషన్లు లేవు, అక్కర్లేదు కూడా. గునపంతో మొదలుకి దూరంగా, కొమ్మల నీడ మేర, చేతికి చేతికి ఎడంగా జానెడు లోతు పోట్లు వెయ్యాలి. లావు వేరు తగిలితే పక్కకి జరగాలి. పోట్లలో పండిన ఆకు ఎరువు, పైన నాలుగంగుళాలు ఎండుటాకు. ఆకు మొదలుకి ఆనించకూడదు, ఆనితే బెరడు కుళ్ళుతుంది. ఒక వానాకాలం చూసి అప్పుడు చెప్పమనండి కొట్టాలో వద్దో. ఈలోపు ఎండుకొమ్మలు మాత్రం కోయించండి, అవి నిజంగా ప్రమాదమే. దాని కింద వేరుశనక్కాయల బుట్ట ఉందన్నారు కదా.

కోయడమంటే గుండు చెయ్యడం కాదు. తుఫాను వస్తుందని చెట్టు తల నరికేస్తారు చూశారా, అది మహా తప్పు. నరికిన చోట గుత్తులుగా లేచిన కొమ్మలకి పట్టు ఉండదు, తర్వాతి గాలికి అవే ముందు విరుగుతాయి. లోపల ఒత్తుగా ఉన్నవి తీసి గాలికి దారివ్వాలి, అంతే.

ఐదు వందల మొక్కలన్నారు. నవ్వొచ్చింది. నాలుగెకరాల్లో, పెద్ద చెట్ల నీడ పోగా ఐదు వందలకి చోటెక్కడిది? నలభై చాలు. కానీ సంచి చింపి చూసి తీసుకోండి. ఏళ్ళ తరబడి పాలిథిన్ సంచిలో పెరిగిన మొక్కకి వేళ్ళు చుట్టలు చుట్టుకుపోతాయి. నాటాక కూడా అలాగే చుట్టుకుంటూ పోతుంది, పక్కకి పట్టుకోదు. ఐదారేళ్ళకి ఏపుగా కనిపిస్తుంది, ఒక తుఫానుకి బోర్లా పడుతుంది. 2018లో తిత్లీ తర్వాత పలాస రోడ్డులో పడినవాటి వేళ్ళు చూశాను, తాడు చుట్టినట్టున్నాయి. మాట పడింది మొక్క గానీ తప్పు సంచిది. అంటే మాది.

కర్ర లేకుండా నడవదు:

అక్కా, అందరూ టైల్స్‌ని తిడుతున్నారు, నాకొక మాట. మా అమ్మకి డెబ్భై ఆరు. పోయిన ఆషాఢంలో ఇలాంటి మట్టిదారిలోనే జారి తుంటి ఎముక విరిగింది. ఆర్నెల్లు మంచం. మీ తోటకి వచ్చేవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళే అయివుంటారు, వాళ్ళే టైల్స్ కావాలని సంతకం పెట్టి ఉంటారు కూడా. చెట్టుకి ఊపిరి ఆడాలి, కాదనను. మా అమ్మకి కాలు నిలవాలి. మీ పేజీలో ఆవిడకి ఒక లైను ఉంటుందా?

గేటు పక్క బెంచీ:

తమ్ముడూ, ఉంటుంది. మీరు రాసింది చదివాక రాత్రంతా అదే ఆలోచన. నిజమే, సంతకాలు పెట్టినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు, అడిగితే ఇప్పుడు ఒప్పుకున్నారు.

నర్సరీ మాస్టారు చెప్పిన నేల గట్టిదనం కొలవకుండా నమ్మడం నాకు చేతకాదు. పొద్దున్న ఒక పాత డాల్డా డబ్బాకి అడుగు కూడా కోయించి, రెండువైపులా తెరిచిన గొట్టంలా చేసి పట్టుకెళ్ళాను. రెండంగుళాలు నేలలోకి దిగగొట్టి, ఒక చెంబుడు నీళ్ళు పోసి, వాచీ చూస్తూ కూర్చోవడం. మూడు చోట్ల చేశాను.

బంద వెనకాల చెట్టు కింద ఎండుటాకు పక్కకి నెట్టి డబ్బా పెడితే చేత్తో నొక్కితేనే దిగింది. మూడు నిమిషాల్లో నీళ్ళు మాయం. వానపాము ఒకటి బయటికొచ్చి ఎవరా అన్నట్టు చూసి పోయింది.

గేటు దగ్గర, రెండు టైల్స్ ఊడిన ఖాళీలో డబ్బా దిగడానికి రాయితో కొట్టాల్సొచ్చింది, అంచు వంకర పోయింది. గంట కూర్చున్నాను. నీళ్ళు ఒక వేలి మందం తగ్గాయి, అందులో కొంత ఎండకి పోయిందేమో. వేరుశనక్కాయలావిడ వచ్చి, ఏటమ్మా, నేలకి పరీక్ష పెడుతున్నారా, ఎన్ని మార్కులొచ్చాయి అంది. సున్నా అన్నాను.

మూడోది నా మట్టిదారి. ఇక్కడే నా పరువు పోయింది. మట్టి అంటే నీళ్ళు పీలుస్తుందని ధీమాగా ఉన్నాను. యాభై ఒక్క నిమిషాలు! నలభై ఏళ్ళుగా మేమే తొక్కి తొక్కి దాన్ని సిమెంటు చేసి పెట్టాం. పీల్చదు గనకే వానలో పైన బురద నిలుస్తుంది, మీ అమ్మగారు జారింది అలాంటి చోటే.

కాబట్టి దారి ఎలాగూ చెట్లకి పనికిరాని నేలే. ఇప్పుడున్న ఐదడుగులే గట్టిగా, జారకుండా వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. వెడల్పు మాత్రం అంగుళం పెంచొద్దు, చెట్టు మొదళ్ళ వైపు పోవద్దు. మనుషులు తిరిగేది అక్కడే, మిగతా నేలంతా చెట్లది. బెంచీలు కూడా దారి అంచుకి రావాలి, నా బెంచీతో సహా. అది సరిగ్గా నిద్రగన్నేరు వేళ్ళ మీద ఉంది మరి.

బల్లార్షా బాబాయి:

అమ్మా, నేను మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. మా నాన్న బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వైపు మే నెలలో 46, 47 డిగ్రీలు మామూలే. తోటలో చెట్టు కింద నేల మీద చెప్పులు విప్పి నిలబడొచ్చు, పది అడుగుల అవతల టైల్స్ మీద పొద్దుపోయాక కూడా కాలు పెట్టలేం. పగలు తాగిన వేడి రాత్రంతా కక్కుతుంది. సోలార్ దీపం మంచిదే, కానీ అది చల్లదనం ఇవ్వదు.

అసలు చెప్పొచ్చింది ఎండుటాకు గురించి. మా దగ్గర దాన్ని పాలాపాచోళా అంటారు. ఊడ్చేవాళ్ళు పొద్దున్నే కుప్ప చేసి అగ్గిపుల్ల గీసేవారు, తోటలో నడిచేవాళ్ళందరికీ దగ్గు. చెట్టు నేలకి ఇచ్చినదాన్ని కాల్చేసి, తర్వాత ట్రాక్టరు ఎరువు డబ్బిచ్చి తెప్పించుకోవడం! బయట చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. మేం అది చూపించి పోట్లాడలేదు, ఊడ్చే ఆవిడతోనే మాట్లాడాం. ఆవిడ ఏమందంటే, సాయంత్రానికి ఆకు కనిపిస్తే సూపర్‌వైజరు తిడతాడు, నన్నేం చెయ్యమంటారు. ఇనప జాలీతో గుండ్రంగా ఒక దొడ్డి కట్టి, ఆకంతా అందులో పొయ్యమన్నాం. ఆకు కనపడదు, తిట్టూ పడదు. నెలకోసారి కలిపి నీళ్ళు చిలకరిస్తే ఆరు నెలలకి నల్లటి ఎరువు. నిద్రగన్నేరు ఆకు చిన్నది, ఇంకా తొందరగా మాగుతుంది.

తొట్టి లెక్కలు (బెంగళూరు):

ఆంటీ, నేను పుట్టింది పర్లాకిమిడిలో, పని ఇక్కడ, వాననీటి కాలవల డిజైను. మీ డబ్బా ప్రయోగం మా సైట్లో మేం చేసేదే, మా డబ్బా ఖరీదెక్కువ, అంతే.

మీ పేజీకి ఒక లెక్క ఇస్తాను. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40,000 లీటర్లు. 2021 సెప్టెంబరు 1న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో ఎనిమిది సెంటీమీటర్లు కురిసింది, ఐడా తుఫాను తోక వాన అది. అదే వాన మీ నాలుగెకరాల మీద పడితే దాదాపు 13 లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 260. మన తుఫాన్లకి ఇది వింతేం కాదు. ఆ నీళ్ళు మీ వెనకాల చెట్టు కింద పడితే ఇంకుతాయి, గేటు దగ్గర పడితే వీధిలోకి పోయి ఎవరింట్లోనో తేలతాయి. బందలోకి నీళ్ళు వచ్చే పాత తూము ఎక్కడో ఉండాలి, దాన్ని వెతకండి. చాలాచోట్ల ఫౌంటెన్ పైపు వేసేటప్పుడు అదే మూసేస్తారు.

ఆ సెంట్రల్ పార్కు ప్లాను 1858 నాటిది, 843 ఎకరాలు. అంత పేరున్న తోటకీ ఇదే తలనొప్పి. దాన్ని చూసుకునే కన్సర్వెన్సీ సంస్థ యేల్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి 2022లో వాతావరణ ల్యాబ్ పెట్టింది. ముందు కొలవడం, తర్వాత మార్చడం, నేర్చుకున్నది వేరే ఊళ్ళ తోటలకి చెప్పడం. మీరూ కొలిచారు కాబట్టి మొహమాటపడకండి.

పాత రకాలే పెట్టాలా అన్నారు. చారిత్రక తోటల మీద 1981లో ఫ్లోరెన్స్‌లో ఒక ఒప్పందపత్రం రాశారు. తోట కట్టడమే గానీ ప్రాణమున్న కట్టడం, అందులోవి నశిస్తాయి, మళ్ళీ పెంచుకోవాలి అన్నది దాని సారం. క్యూ తోట 2022 కరువులో 400కి పైగా చెట్లు పోగొట్టుకుని, ఇప్పుడు పొడి ప్రాంతాల రకాల వైపు చూస్తోంది. ఇంకోటి, నిద్రగన్నేరు అమెరికా ఖండంది, తురాయి మడగాస్కర్‌ది. జమీందారుగారు కూడా ఆ రోజుల్లో కొత్త రకమే తెచ్చిపెట్టారు. వరస, నీడ, బంద వైపు చూపు, ఇవి కాపాడండి. రకం మారితే మారనివ్వండి.

రాయగడ నర్సరీ:

బెంగళూరు బాబు చెప్పింది బాగుంది. ఒక్క జాగ్రత్త. కొత్త రకం అని తొందరగా పెరిగేదాన్ని పెట్టించకండి. హుద్‌హుద్ (2014) తర్వాత విశాఖలో పచ్చదనం త్వరగా రావాలని ఏడాకులపాల తెగ పెట్టారు. ఇప్పుడు చలికాలం పూత వాసనకి జనం కిటికీలు మూసుకుంటున్నారు. పొగడ, నేరేడు, కానుగ, పొన్న చాలు మనకి. మెల్లగా పెరుగుతాయి, గాలికి నిలుస్తాయి.

గేటు పక్క బెంచీ:

మీటింగు అయింది. అందరికీ చెప్పాలి కదా.

పేజీలో ఐదే ముక్కలు రాశాను, పైన తెలుగు, కింద ఒడియా. దారి ఐదడుగులే, జారని రాయితో. రెండు చెట్లకి ఒక వానాకాలం గడువు, ఈలోపు ఎండుకొమ్మల కోత, కొమ్మల నీడ మేర టైల్స్ తీసి గునపం పోట్లు. ఆకు కాల్చడం బంద్, జాలీ దొడ్డి రెండు. మొక్కలు నలభై, సంచి చింపి చూశాకే. ఫౌంటెన్ డబ్బుతో బంద తూము వెతికి బాగుచెయ్యడం.

చదువుతుంటే ఎవరూ వినలేదు, టీ వచ్చింది. అప్పుడు ప్లాను చేయించిన ఆ బాబే, పిన్నీ, ఆ సంచిలో డబ్బా ఏమిటి అని అడిగాడు. అందరం తోటలోకి వెళ్ళాం. ఆయన ఫోను తీసి టైము పెట్టాడు. వెనకాల చెట్టు కింద ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది. గేటు దగ్గర ఇరవై నిమిషాలకే ఆయనకి విసుగొచ్చి, చాల్లెండి అర్థమైంది అన్నాడు.

చెట్లకి గడువు ఇచ్చారు. కానీ టైల్స్ కొమ్మల నీడ మేర తియ్యరట, ఒక మీటరే. ట్రిబ్యునల్ మాట రాసింది నేనే, ఇప్పుడు దాన్నే పట్టుకున్నారు. నర్సరీ మాస్టారు ముందే చెప్పారు, ఆ మాట కింద పెట్టి నీడ మేర అన్నది పైన రాయాల్సింది. మొక్కలు నలభై కాదు, రెండు వందల దగ్గర బేరం ఆగింది. దారి ఐదడుగులకి ఒప్పుకున్నారు. ఫౌంటెన్ పోలేదు, దానికి ఎవరిదో మాట ఉందట. తూము మాత్రం దొరికింది! తూర్పు మెట్ల కింద, మేం ఇన్నాళ్ళూ చెప్పులు విడిచే రాతి వెనకాలే, ఇటుకలు పెట్టి మూసేసి ఉంది.

బల్లార్షా బాబాయిగారూ, ఆ ఇనప జాలీ ఎంత సందుది తెచ్చారు? బరంపురంలో అడిగితే కోళ్ళ గూడు జాలీ చూపిస్తున్నాడు. అది రెండు వానలకి తుప్పు పట్టదూ?